గురు బిపిన్ సింగ్ : మండపము నుండి రంగస్థలమునకు

కళకు పుట్టినిల్లొకటి, మెట్టినిల్లొకటి యుండుట క్రొత్త సంగతి కాదు. తంజావూరు మండలములోని మెలట్టూరు గ్రామమున నృసింహజయంతి దినమున వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు ప్రహ్లాద నాటకము నేటికిని ప్రదర్శింపబడుచున్నది. కృష్ణాతీరమునకు మిక్కిలి దూరమున, నలువైపుల అరవము వినవచ్చు చోట, ఆ భాగవతులు తెలుగు దరువును విడువలేదు. రాష్ట్రేతరాంధ్రులకు ఇట్టి ఉదాహరణములు స్వానుభవములే. అయితే మెట్టినింట నిలిచిన ప్రతి కళను గూర్చియు ఒక ప్రశ్న పుట్టుచునే యుండును. పుట్టినింటివారు చూచి, 'ఇది మాదే' యని గుర్తింపగల రూపముతో అది నిలిచినదా? లేక పేరు మాత్రము మిగిలి, తక్కినదంతయు మారిపోయినదా?

ఈ ప్రశ్నకు భారతదేశపు ఈశాన్యమూలనుండి ఒక సమాధానము లభించుచున్నది. మణిపురీ నృత్యాచార్యుడైన గురు బిపిన్ సింగ్ (1918-2000) మణిపురము వెలుపల జన్మించెను. మణిపురము వెలుపలనే జీవితములో పెద్ద భాగము గడపెను. ఆయన శిష్యులలో మిక్కిలి పేరొందినవారు బొంబాయి నగరపు గుజరాతీ కుటుంబములోని నలుగురు సోదరీమణులు. ఐనను మణిపురీ నృత్యము నేడు దేశమందలి రంగస్థలములపై ఏ రూపమున కనబడుచున్నదో ఆ రూపమును దిద్దిన చేతులలో ఆయన చేయి ముఖ్యమైనది. ఆయన సాధించినదేమి, ఆ సాధనలో కళ కోల్పోయినదేమి, కోల్పోయినదానికి బదులు లభించినదేమి అను మూడు విషయములును ఇచ్చట విచారింపబడుచున్నవి.

రాసమండపము

బిపిన్ సింగ్ కృషిని తూచుటకు ముందు, ఆయన చేతికి అందిన సొత్తు ఎట్టిదో తెలియవలెను. మణిపురమున నృత్యము రెండు ఊటలనుండి వచ్చినది. మొదటిది వైష్ణవమునకు పూర్వమునుండి యున్న 'లాయి హరావోబా'. దేవతలను ఆనందింపజేయు ఉత్సవమని దానికి అర్థము. 'మైబీ'లను పూజారిణులు అందు సృష్టిక్రమమును నృత్యముగా నడిపింతురు. రెండవది పదునెనిమిదవ శతాబ్దమున గౌడీయ వైష్ణవము అచ్చట వేరూనిన పిదప పుట్టిన సంకీర్తనమును, రాసలీలయును.

రాసలీలకు ఆద్యుడు భాగ్యచంద్ర మహారాజు. స్వప్నములో శ్రీకృష్ణుడు సాక్షాత్కరింపగా, కైనా కొండమీది పనసచెట్టునుండి ఆ రాజు గోవిందజీ విగ్రహమును చెక్కించెనని ఐతిహ్యము. 1779లో లంగ్‌థబల్‌లో తొలి మహారాసము జరిగెననియు, రాజపుత్రిక బింబావతి అందు రాధ పాత్రను ధరించెననియు మణిపురులు చెప్పుకొందురు. ఆశ్వయుజ పూర్ణిమనాడు కుంజరాసము, కార్తిక పూర్ణిమనాడు మహారాసము, చైత్ర పూర్ణిమనాడు వసంతరాసము జరుగును. ఏ దినముననైనను జరుపదగిన నిత్యరాసము, పగటివేళ జరుగు దివారాసము వేరుగా నున్నవి.

మహారాసమునకు మూలము భాగవత దశమస్కంధములోని రాసపంచాధ్యాయి. పోతన దశమస్కంధమును చదివిన తెలుగువారికి ఆ కథ నూతనము కాదు. వెన్నెలరాత్రి గోపికలు వేణునాదము విని వచ్చుట, వారికి గర్వము కలుగగా కృష్ణుడు అంతర్ధానమగుట, వారు చెట్టును పుట్టను అడుగుచు వెదకుట, తుదకు ఆయన మరల ప్రత్యక్షమై మండలాకారముగా నర్తించుట, అంతయు మనమెఱిగినదే. మనవారు పద్యముగా చదువుకొనుదానిని మణిపురులు రాత్రియంతయు ఆడి చూచుకొందురు. ఒడిశాయందలి తెలుగువారికి మఱియొక బంధుత్వము కూడ కనబడును. పురీ జగన్నాథుని సన్నిధిలో గానము చేయబడు జయదేవుని గీతములు, మణిపురమున రథోత్సవపు దినములలో దేవాలయ మండపములయందు పాటగను, నృత్యముగను వినియోగపడుచున్నవి.

రాసమునకు ముందు సంకీర్తనము జరుగవలెను. తెల్లని తలపాగలు ధరించిన పురుషులు పుంగ్ అను మృదంగమును, కరతాళములను వాయించుచు, పాడుచు, నర్తింతురు. అది పూర్వరంగమువంటిది. పిదప గురువు పర్యవేక్షణలో గాయనీమణులు పాడుచుండగా రాసము ఆరంభమగును. అద్దపు తునకలు కుట్టిన, గుండ్రముగా బిగిసి నిలిచిన పావడ, తలపైనుండి ముఖముమీదికి జాఱిన పలుచని తెల్లని ముసుగు గోపికల వేషము. పాదము నేలను తాకును గాని కొట్టదు. మోకాళ్లు మెత్తగా వంగియుండును. ఒక కదలిక ముగియకమునుపే రెండవది అందుండి జాలువాఱును. ముఖమున భావము ఉబికిరాదు, దేహమంతయు దానిని మోయుచుండును. చూచువారు మండపము చుట్టు కూర్చుందురు. కృష్ణుడుగా నున్న బాలునికి, రాధగా నున్న బాలికకు వృద్ధులు సాష్టాంగపడుదురు, కన్నీరు కార్తురు. అచ్చట నటులు, ప్రేక్షకులు అను విభాగము లేదు. అందఱును ఆరాధకులే.

ఇట్టి కళను టిక్కెట్టు కొని వచ్చి కుర్చీలలో కూర్చుండువారి యెదుట, రెండు గంటల కాలములో, ఒకే దిక్కునకు తెఱచియున్న వేదికపై ప్రదర్శించుట ఎట్లు? బిపిన్ సింగ్ ఎదుర్కొన్న సమస్య ఇదియే.

చెదరిన జాతి

1819 మొదలు 1826 వఱకు మణిపురము బర్మా సైన్యముల పాలయ్యెను. మణిపురులు ఆ కాలమును 'ఏడేండ్ల విధ్వంసము' అని నేటికిని తలచుకొందురు. ఆ దినములలో వేలకొలది కుటుంబములు కొండలు దాటి కాఛారు, సిల్హట్టు ప్రాంతములకు తరలిపోయెను. త్రిపురయందును మణిపురీ వాడలు వెలసెను. పోయినవారు దేవుని వెంటగొనిపోయిరి. పల్లెపల్లెను మండపము కట్టిరి. మృదంగమును, రాసమును నిలుపుకొనిరి.

దీని ఫలితము చిత్రమైనది. బయటి లోకమునకు మణిపురీ నృత్యము మొదట తెలిసినది ఈ వలసపల్లెల మూలముననే. 1919లో రవీంద్రనాథ ఠాకూరు సిల్హట్టు వెళ్లినప్పుడు మచ్ఛిమ్‌పురమను మణిపురీ పల్లెలో ఆ నృత్యమును చూచి ముగ్ధుడయ్యెను. పిదప త్రిపురనుండి బుద్ధిమంత సింగ్‌ను, తరువాత నవకుమార సింగ్‌ను శాంతినికేతనమునకు రప్పించెను. దేవాలయ నృత్యమును విద్యాలయమున కులస్త్రీలు నేర్చుకొనుటకు ఈ విధముగా దారి ఏర్పడెను. శాంతినికేతనమున అది రవీంద్రుని నృత్యనాటకములకు ఆధారమై, ఆ కవి పాటకు తగినట్లు క్రొత్త రూపు దాల్చినది. దానివలన కళకు గౌరవము లభించెను. ఐనను అచ్చట వికసించినది రవీంద్ర నృత్యము. దాని తాళశాస్త్రము, దాని సంకీర్తనము, దాని కట్టుదిట్టములు చాలవఱకు మణిపురీ మండపములయందే నిలిచిపోయెను. ఆ మిగిలిన భాగమును వెలుపలికి తెచ్చు పని బిపిన్ సింగ్ వంటివారికై వేచియుండెను.

జీవితరేఖ

బిపిన్ సింగ్ 1918లో అస్సాములోని కాఛారు మండలమున సింగారి గ్రామములో, విష్ణుప్రియ మణిపురీ సమాజమున జన్మించెను. పల్లె మండపములో విన్న పాటయే ఆయనకు తొలి పాఠము. పిదప పుట్టినిల్లు వెదకికొనుచు ఇంఫాలు వెళ్లి, సంప్రదాయ గురువులలో ఉద్దండుడైన అముదోన్ శర్మను ఆశ్రయించెను. ఇది గమనింపదగినది. వలసపల్లెలో పుట్టినవాడు తనకు తెలిసినది చాలునని ఊరకుండలేదు. తన ఊరి ఆచారము మూలమునకు ఎంతవఱకు సరిపోవునో పరీక్షించుకొనుటకు వెళ్లెను.

తరువాత ఆయన కార్యక్షేత్రము బొంబాయి. అచ్చట నయన, రంజన, సువర్ణ, దర్శన అను ఝవేరీ సోదరీమణులు ఆయనకు శిష్యురాండ్రైరి. కడగొట్టు చెల్లెలగు దర్శన 1940లో జన్మించెను. అక్కల పాఠములు చూచుచు చిన్ననాటనే ఆమె అభ్యాసమున ప్రవేశించెను. ఆ నలుగురును కలిసి దేశవిదేశములలో మణిపురీ నృత్యమునకు పర్యాయపదమువలె ప్రసిద్ధిగాంచిరి. 1956లో ఇంఫాలునందలి గోవిందజీ రాజదేవాలయ ప్రాంగణమున వారు నర్తించిరి. మణిపురీ సమాజమునకు వెలుపలివారికి అట్టి అవకాశము లభించుట అదియే మొదలు.

1966లో బిపిన్ సింగ్‌కు సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించెను. 1972లో ఆయనయు, ఝవేరీ సోదరీమణులును, ఆయన శిష్యురాలును ధర్మపత్నియునైన కళావతీదేవియు కలిసి 'మణిపురీ నర్తనాలయ'మును స్థాపించిరి. దానికి బొంబాయి, కలకత్తా, ఇంఫాలు అను మూడు నగరములలో శాఖలేర్పడెను. కళావతీదేవి, ఆ దంపతుల కుమార్తె బింబావతీదేవి కలకత్తాయందు ఆ విద్యను విస్తరింపజేసిరి. తొలి రాసమున రాధయైన రాజపుత్రిక పేరే ఆ కుమార్తెకును పెట్టబడుట గురువు హృదయమున ఏ స్మృతి మెదలుచుండెనో తెలుపుచున్నది. 2000 జనవరిలో బిపిన్ సింగ్ కలకత్తాలో పరమపదించెను. 2002లో దర్శనా ఝవేరీకి పద్మశ్రీ బిరుదము లభించెను.

కుదింపు: న్యాయాన్యాయములు

బిపిన్ సింగ్ చేసిన పనిని ఒక్క మాటలో చెప్పవలెనన్న, అది కుదింపు. రాత్రియంతయు సాగు రాసమునుండి ఘట్టములను విడదీసి, ఒక్కొక్కటి కొద్ది నిమిషములలో ముగియునట్లు కూర్చెను. పలువురు కలిసి ఆడు నృత్యమునుండి ఏకపాత్ర నర్తనమును, యుగళ నర్తనమును, నలుగురికి తగిన నర్తనమును రూపొందించెను. సంకీర్తనమందలి పుంగ్ జతులను, స్వరమును, సాహిత్యమును మేళవించి ప్రబంధ నర్తనములను రచించెను. ఈ పనిలో లాభనష్టములు రెండును గలవు.

మొదటి నష్టము కాలమునకు సంబంధించినది. మహారాసమున కృష్ణుని అంతర్ధానము తర్వాత గోపికలు వెదకు ఘట్టము దీర్ఘమైనది. చూచువారికి కన్నులు బరువెక్కును, వేకువ సమీపించును. ఆ అలసటలోనే గోపికల ఎడబాటు చూచువారి ఎడబాటు అగును. కృష్ణుడు మరల కనబడునప్పటి ఆనందము ఆ నిరీక్షణకు ఫలము. పది నిమిషముల నృత్యమున అంతర్ధానమును, ఆవిర్భావమును రెంటిని చూపవచ్చును. కాని నిరీక్షణను చూపుట సాధ్యము కాదు. ఈ లోపమును ఏ కూర్పరియు తీర్పజాలడు. బిపిన్ సింగ్‌కును అది అసాధ్యమే.

రెండవది దిక్కునకు సంబంధించినది. మండపమున నర్తకుల చూపు మండల మధ్యమునందున్న రాధాకృష్ణులవైపు తిరిగియుండును. చుట్టునున్న జనమునకు ఒక గోపిక ముఖము కనబడిన, వేఱొక గోపిక వీపు కనబడును. అది లోపమని ఎవ్వరును తలంపరు. వేదికపై వృత్తము విల్లుగా వంగినది. అందఱును సభవైపు తిరుగవలసి వచ్చినది. కేంద్రము వేదిక నడుమనుండి సభలోనికి జరిగెను. దేవుడున్న చోట ప్రేక్షకుడు కూర్చుండెను. మణిపురీ నృత్యమునకు వేదికపై కలిగిన మార్పులలో ఇంతకన్న లోతైనది లేదు.

ఈ రెండు నష్టములను ఒప్పుకొనిన పిదపనే బిపిన్ సింగ్ ఘనత స్పష్టముగా గోచరించును. వేదికకు వచ్చిన ఏ కళకైనను ఒక ఆకర్షణము ఎదురగును. సభకు నచ్చునదేదో దానిని హెచ్చించుట, నచ్చనిదానిని తగ్గించుట. భరతనాట్యమందలి కన్నుల అభినయమునకు, కథక్ నందలి గజ్జెల మ్రోతకు అలవాటుపడిన సభకు మణిపురీ నృత్యము చప్పగా తోచుట సహజము. 'అంతయు ఒకే తీరుగా నున్నది' అను విమర్శ దానిపై తఱచుగా వచ్చినది. ఆ విమర్శకు జడిసి ముఖాభినయమును పెంచియుండిన, పాదమును నేలపై కొట్టించియుండిన, చప్పట్లు సులభముగా లభించెడివి. బిపిన్ సింగ్ ఆ దారి త్రొక్కలేదు. ముఖము ప్రశాంతముగనే యుండెను. పాదము మెత్తగనే పడెను. సభ కోరిన వైవిధ్యమును ఆయన ఆ కళ గర్భమునుండియే తీసెను. ఆ గర్భము తాళము.

మణిపురీ సంకీర్తనమున తాళసంపద అపారము. నాలుగు మాత్రల తాన్‌చెప్, ఆఱు మాత్రల మేన్‌కూప్, ఏడు మాత్రల రాజమేల్ మొదలుకొని చాల దీర్ఘములైన తాళముల వఱకు అందు గలవు. మండపమున పురుషులు మృదంగముపై పలికించు ఆ చిక్కని లయలను బిపిన్ సింగ్ స్త్రీల నృత్యములోనికి ప్రవేశపెట్టెను. పైకి నెమ్మదిగా జాలువాఱు కదలిక, లోపల గణితమువంటి లయ. ఈ రెండింటి కలయికయే ఆయన శైలికి గుర్తు. ఝవేరీ సోదరీమణులు నలుగురును ఒకే ఊపిరితో కదలుచు, క్లిష్టమైన తాళమును చెమట కనబడనీయక దాటుట ఆ శైలికి పరాకాష్ఠ. శిష్యురాండ్రు కేవలము నృత్యమునేగాక పుంగ్ వాదనమును, సంకీర్తనమును, మైబీల నృత్యమును కూడ నేర్వవలెనని ఏర్పాటు చేయుట ఇందులకే. దర్శనా ఝవేరీ తన గురువు గురువైన అముదోన్ శర్మయొద్దను, మైబీ నృత్యమునకు కుమార మైబీయొద్దను అభ్యసించెను. గురువు తన శిష్యురాలిని తన మూలమునకే పంపుట అరుదైన ఔదార్యము. ఇంతకన్న బిపిన్ సింగ్ వినయమునకు వేఱు సాక్ష్యము అక్కరలేదు.

ఈ లయప్రాధాన్యములోనే ఒక అపాయము కూడ గలదు. తాళము సాధనమైనంతకాలము నృత్యము భక్తిని మోయును. తాళమే సాధ్యమైననాడు నృత్యము లెక్కకు దిగును. బిపిన్ సింగ్ కూర్పులను అనుసరించిన తరువాతివారిలో కొందఱు జతుల సంఖ్యను చూపి మెప్పింపజూతురు. ఇది గురువు దోషము కాదు గాని, గురువు తెఱచిన తలుపునుండి వచ్చినదే.

శాస్త్రప్రమాణము

బిపిన్ సింగ్ కృషిలో మఱియొక భాగము శాస్త్రాన్వేషణము. వృద్ధ గురువుల నోట మాత్రము నిలిచియున్న తాళములను, పరిభాషను, నృత్యక్రమములను ఆయనయు శిష్యురాండ్రును సేకరించి వ్రాతలో పెట్టిరి. వానిని సంస్కృత నాట్యసంగీత గ్రంథములతోను, వైష్ణవ గ్రంథములతోను పోల్చి చూచిరి. ఆ కాలమున ఇది అవసరము. స్వాతంత్ర్యానంతరము దేశమందలి ప్రతి నృత్యమును తాను శాస్త్రీయమేనని ఋజువు చేసికొనవలసి వచ్చినది. 1958లో ఢిల్లీయందు సంగీత నాటక అకాడమీ జరిపిన నృత్యగోష్ఠి నాటికి ఇట్టి వాదములు ముమ్మరముగా సాగుచుండెను. కూచిపూడికి శాస్త్రీయ స్థానము కొఱకు ఆంధ్రులు పడిన తపన ఎఱిగినవారు మణిపురుల తపనను సులభముగా గ్రహింతురు.

శాస్త్రముతో పోల్చుటవలన కళకు గౌరవమును, పాఠక్రమమును లభించినవి. గురువు మరణించినను పోని విధముగా విద్య వ్రాతకెక్కినది. ఐనను ఇందొక జాగ్రత్త కావలెను. మణిపురీ కదలికకు ప్రాణము లాయి హరావోబా. అది ఏ సంస్కృత గ్రంథమునకును ఋణపడినది కాదు. సంస్కృత పరిభాషయందు ఇమిడినదే శాస్త్రీయము, ఇమడనిది జానపదము అని విభజించినచో, నదికి గల రెండు ఊటలలో ఒకటి ఎండును. బిపిన్ సింగ్ వ్రాతలయందు, మాటలయందు శాస్త్రపక్షము బరువుగా నున్నదని పలుకుట అన్యాయము కాదు. అయితే ఆయన శిష్యురాలు మైబీల పాదములకడ కూర్చుండి నేర్చుకొనుటయు విస్మరింపరానిది. సిద్ధాంతమున వంగిన త్రాసును ఆయన ఆచరణము చాలవఱకు సరిచేసినది.

మఱియొక విషయము కూడ చెప్పవలెను. రాసమందలి 'భంగీ పరేంగ్' అను నృత్యమాలికలను ఎవ్వరును మార్పరాదని మణిపురీ సంప్రదాయము శాసించును. మార్పరానిదేదో, మార్పదగినదేదో ఎఱిగినవాడే మంచి సంస్కర్త. బిపిన్ సింగ్ తన స్వాతంత్ర్యమును వాని చుట్టు కల్పించిన క్రొత్త ప్రబంధములలో చూపెను. మూలస్తంభములను కదల్పక గదులు పెంచిన ఇంటివంటిది ఆయన నిర్మాణము.

సమకాలికులతో తులనము

బిపిన్ సింగ్ ఒక్కడే ఈ కార్యమును సాధించెననుట సత్యము కాదు. మణిపురీ నృత్యమున 1956లో అకాడమీ పురస్కారము పొందిన గురు అముబీ సింగ్ (1881-1972) ఉదయశంకరుని ఆల్మోరా కేంద్రమున బోధించెను. ఇంఫాలునందు 1954లో స్థాపింపబడి, నేడు జవాహర్‌లాల్ నెహ్రూ పేరుతో నడచుచున్న నృత్య అకాడమీ ఎందఱనో తీర్చిదిద్దినది. అముబీ సింగ్ వంటి గురువులకు ఇంఫాలు మండపము కాలినడక దూరమున నుండెను. తప్పు జరిగిన సరిదిద్దు వృద్ధులు ప్రక్కనే యుండిరి. బిపిన్ సింగ్‌కు ఆ వసతి లేదు. బొంబాయిలో ఆయన చెప్పినదే వేదము. తప్పు చెప్పినను పట్టుకొనువారు లేరు. ఇట్టి ఒంటరితనమున గురువు తనకు తానే కాపరి కావలెను. ఆయన శీలము పరీక్షింపబడినది ఇచ్చటనే.

తెలుగువారికి ఇందు పోలిక దొరకును. వెంపటి చినసత్యము (1929-2012) కూచిపూడి అగ్రహారమును వీడి మదరాసు చేరి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించెను. పురుషులే స్త్రీవేషములు ధరించు భాగవతమేళమునుండి స్త్రీలు నర్తించు రంగస్థల కళను రూపొందించెను. ఆ విద్య అరవదేశపు రాజధానినుండి ప్రపంచమంతటికి వ్యాపించినది. చినసత్యముపై వచ్చిన ఆక్షేపణయు ఇట్టిదే: యక్షగానమునకు గల తెల్లవారుజాము పోయినది, ఊరి పందిరి పోయినదని. ఆక్షేపణ సత్యమే. కాని ఆయనయే లేకున్నచో కూచిపూడి ఎన్ని ఊళ్లకు తెలిసియుండెడిదని అడుగుటయు సత్యమే. ఇరువురును తమ కళను పుట్టినింటి వెలుపల పెంచి, మరల పుట్టినింటివారిచేత అంగీకరింపజేసిన ఆచార్యులు.

గోవిందజీ సన్నిధి

బిపిన్ సింగ్ జీవితమునకు నిజమైన ఒఱగల్లు 1956 నాటి గోవిందజీ సన్నిధి. బొంబాయి సభ మెప్పు, విదేశీయుల మెప్పు కళయొక్క యథార్థతకు ప్రమాణములు కాజాలవు. చూచినవారికి మూలము తెలియదు గనుక వారు మోసపోవచ్చును. గోవిందజీ ప్రాంగణమున అట్లు కాదు. అచ్చట కూర్చుండువారు బాల్యమునుండి రాసము చూచినవారు. మృదంగము ఒక మాత్ర తప్పిన చెవి చివుక్కుమనువారు. వారి యెదుట, వారి దేవుని యెదుట, గుజరాతీ కన్యలు నర్తింప సమ్మతి లభించెననగా, నేర్పినవాని విశ్వసనీయతకు అంతకుమించిన ముద్ర లేదు. మెట్టినింట పెరిగిన బిడ్డను పుట్టినిల్లు ఆ దినమున అక్కున చేర్చుకొన్నది.

ఇదే దృష్టితో చూచినచో 1972 నాటి నర్తనాలయ స్థాపనమున బొంబాయి, కలకత్తాల శాఖలకన్న ఇంఫాలు శాఖయే అర్థవంతమైనది. పెద్ద నగరములలో విద్యార్థులున్నారు, సభలున్నవి, ధనమున్నది. ఇంఫాలునందు ఈ సంస్థకు కావలసినది వేఱు: ఊట. మణిపురమున సంకీర్తనము సభా కార్యక్రమము కాదు. పిల్లల చెవులు కుట్టునప్పుడు, పెండ్లియందు, మరణానంతర కర్మలయందు కూడ అది జరుగవలెను. 2013లో యునెస్కో సంస్థ మణిపురీ సంకీర్తనమును మానవజాతి అవ్యక్త సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చినప్పుడు గుర్తించినది ఈ జీవనబంధమునే. చావుపుట్టుకలతో పెనవైచికొనిన ఆ జీవనమును ఏ పాఠశాలయు తన గోడల నడుమకు తెచ్చుకొనజాలదు. అందుచేత బయటి పాఠశాలకు పుట్టినింటితో రాకపోకలు ఊపిరివంటివి. ఈ సంగతి బిపిన్ సింగ్ ఎఱిగెను. బొంబాయిలో నేర్చినవారు ఇంఫాలు పోవలెను, ఇంఫాలులో నేర్చినవారు కలకత్తా రావలెను అను ఏర్పాటు ఆయన రచించిన ప్రబంధములన్నింటికన్న గొప్పది.

మొత్తముమీద బిపిన్ సింగ్ స్థానమిట్టిదని నిర్ణయింపవచ్చును. ఆయన రాసమును వేదికపైకి తేలేదు. రాసము తేదగినది కాదు. దాని వ్యాకరణమును తెచ్చెను. వ్యాకరణము తెలిసినంతమాత్రమున కావ్యానందము కలుగదు, అది లేక కావ్యము దొరవారుని చేతను పడదు. రాసమును చూడవలెనన్న కార్తిక పూర్ణిమనాడు ఇంఫాలు పోవలసినదే. కాని అచ్చటికి పోవలెనను కోరికను దేశమున ఎందఱి హృదయములలోనో నాటినది ఆయన శిష్యురాండ్ర నృత్యము.

తరతరములుగా భాషాప్రాంతమునకు వెలుపల నివసించు తెలుగు కుటుంబములు ఈ చరిత్రమునుండి గ్రహింపదగినది ఒకటి గలదు. ఇంటిలో మిగిలిన తెలుగు పాటను, కోలాటమును, హరికథను పిల్లలకు నేర్పుట మొదటి మెట్టు. 'మా యింట ఇట్లే పాడుదురు' అని అచ్చటనే ఆగిపోయిన, ఒకటి రెండు తరములలో పలుకు అరిగి, అర్థము జాఱి, ధ్వని మాత్రము మిగులును. సింగారి పల్లెలోని బాలుడు తన ఊరి పాటను ప్రేమించుచునే, దానిని సరిచూచుకొనుటకు ఇంఫాలు దారి పట్టెను. నేర్చినదానిని పరులకు కూడ దాచక పంచెను. తీసికొనిపోయినదానిని మరల మూలస్థానమునకే తెచ్చి చూపెను. దూరమున నున్నవాడు కళకు వారసుడగునా కాడా అను సందేహమునకు ఆ ముప్పేట యాత్రయే సమాధానము.